రిటైర్మెంట్ కాగితం నుంచి గులాబీ బ్యాలెట్ దాకా: సర్పంచ్ ఎన్నిక ప్రాజెక్టు డైరీ

పని: తెలంగాణలో ఒక గ్రామ పంచాయతీకి, ప్రభుత్వ ఉద్యోగం నుంచి దిగిన మనిషిని సర్పంచ్‌గా పోటీకి నిలబెట్టడం. జట్టులో అందరం రిటైర్డ్ ఉద్యోగులమే. ఒకరు ఈవోపీఆర్డీ (మండలంలో పంచాయతీల పని చూసే విస్తరణ అధికారి), ఒకరు జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్‌మిస్ట్రెస్, ఒకరు ట్రెజరీ అకౌంటెంట్, ఒకరు విద్యుత్ లైన్‌మన్.

కొలతలు: ఓటర్లు 1,840. ఇళ్లు 510. వార్డులు 10. జనాభా 2011 లెక్కల్లో 5,000 లోపే, అంటే సర్పంచ్ అభ్యర్థి ఖర్చు పరిమితి రూ.1,50,000. 5,000 దాటిన పంచాయతీకి అదే రూ.2,50,000. ఈ ఒక్క అంకె తెలిస్తేనే మిగతా ప్లాన్ అంతా వేయగలం.

2025 ఫిబ్రవరి, మొదటి వారం

పాత పాలకవర్గాల పదవీకాలం 2024 జనవరి ఆఖరుతోనే ముగిసింది. ఏడాదిగా ప్రత్యేకాధికారుల పాలన నడుస్తోంది. ఎన్నిక ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి రేపే వస్తుందనుకుని పని మొదలుపెట్టాలి.

మొట్టమొదటి పని ఓటు. ఉద్యోగులు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. ముప్పై ఏళ్లు మండల కేంద్రంలోనో జిల్లా కేంద్రంలోనో ఉంటారు, ఓటు అక్కడే ఉంటుంది, ఊళ్లో తాతల ఇల్లు ఉంది కదా అనుకుంటారు. ఇల్లు ఉన్నంత మాత్రాన ఆ ఊరి నివాసి అయిపోరని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఊళ్లో మామూలుగా ఉంటూ ఉండాలి. కాబట్టి వరుస ఇది: ముందు కాపురం మారాలి, గ్యాస్, కరెంటు బిల్లు, ఆధార్ చిరునామా మారాలి, ఆ తర్వాత ఫారం 8. కొత్త ఓటుకే ఫారం 6. చిరునామా మార్పుకి అది పెడితే తిరగ్గొడతారు, లేదంటే రెండు చోట్లా పేరుంటుంది. రెండు చోట్ల పేరుంటే పరిశీలన రోజు ఎదుటివాళ్ల చేతికి ఆయుధం ఇచ్చినట్టే.

పంచాయతీ ఓటరు జాబితా అసెంబ్లీ జాబితా నుంచే తయారవుతుంది. దాన్ని వార్డులుగా విడగొట్టేటప్పుడు కుటుంబాలు చెదిరిపోతాయి. భర్త 3వ వార్డులో, భార్య 7వ వార్డులో తేలడం మామూలే. ముసాయిదా అంటించిన రోజే జాబితా జిరాక్స్ తీసుకుని, ఇంటి నంబర్లతో సరిచూసి అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇచ్చాం. మొత్తం 23 పేర్లు. రసీదు తీసుకోకపోతే ఇచ్చినట్టు కాదు.

ఫిబ్రవరి, మూడో వారం

అర్హత చెక్. ఒక్కొక్కరిదీ విడిగా చూశాం, ఎందుకంటే ఎవరు అభ్యర్థి అవుతారన్నది రిజర్వేషన్ చేతిలో ఉంది.

సర్వీసులో ఉన్నవాళ్లు పోటీ చేయలేరు. రాజీనామా ఇచ్చి పోటీకి దిగేవాళ్లకి ఒక మాట: రాజీనామా పెట్టడం కాదు, పరిశీలన రోజు నాటికి అది ఆమోదం పొంది ఆ ఉత్తర్వు చేతిలో ఉండాలి. రిటైరైనవాళ్లకి పెన్షన్ అడ్డు కాదు. కానీ రిటైరయ్యాక అదే ఆఫీసులో కాంట్రాక్టు మీదో అవుట్‌సోర్సింగ్ మీదో మళ్లీ చేరినవాళ్లు ఉంటారు. ఆ పని ముందే మానుకుని, మానుకున్నట్టు కాగితం తెచ్చుకోవాలి.

శాఖాపరమైన విచారణ పెండింగ్‌లో ఉంటే పోటీకి అది అడ్డంకి కాదు. అయినా గల్లీలో దాన్నే వంద నోళ్లు చెబుతాయి. పెన్షన్ మంజూరు ఉత్తర్వు, నో డ్యూ సర్టిఫికెట్ కాపీలు ఫైలు పైపేజీల్లోనే పెట్టాం. ఎవరైనా అడిగితే వాదించం, చూపిస్తాం.

ఊరికి కట్టాల్సినవి: ఇంటి పన్ను, నల్లా బిల్లు. ఎంత చిన్న బకాయి అయినా కట్టేసి రసీదు దాచాం. అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లయితే డిమాండు రిజిస్టర్‌లో (ఎవరెంత పన్ను కట్టాలో రాసే పుస్తకంలో) తండ్రి పేరే ఉంటుంది, ఆ బకాయి ఎవరి ఖాతాలోకి వస్తుందో ముందే తేల్చుకోవాలి.

కుటుంబంలో ఇంకా సర్వీసులో ఉన్నవాళ్లకి గట్టిగా చెప్పాం: 1964 ప్రవర్తనా నియమావళి ఉద్యోగిని ఎన్నికల ప్రచారానికి దూరంగా ఉండమంటుంది. వాట్సాప్ స్టేటస్ కూడా వద్దు, బూత్ ఏజెంటుగా అసలే వద్దు.

మార్చి నుంచి జూన్

మొదటి విడత ఇంటింటికీ. దీన్ని ఎన్నికల ప్రచారం అనలేం, సర్వే అనాలి. ఒక్కో ఇంటికి 8 నిమిషాలు పడుతోంది. సాయంత్రం రెండు గంటల్లో 15 ఇళ్లు. 510 ఇళ్లకి 34 సాయంత్రాలు. వరికోతల రోజుల్లో ఎవరూ ఇంటి దగ్గర దొరకరు, ఆ పది రోజులు పని ఆపి కల్లాల దగ్గరికే వెళ్లాం.

ఒక్కో వార్డుకి ఒక నోట్‌బుక్, ఒక్కో ఇంటికి ఒక పేజీ. రాసేవి ఇవే: ఓటర్ల పేర్లు, వరుస సంఖ్యలు, ఫోన్, బయట ఊళ్లలో ఉన్నవాళ్లు ఎక్కడున్నారు, ఇంటి ముందు ఉన్న సమస్య. ఎవరికి ఓటేస్తారని అడగలేదు. అడిగితే అబద్ధమే వస్తుంది.

ఇక్కడ ఉద్యోగపు అలవాట్లు ఎంత అడ్డొస్తాయో మొదటి వారంలోనే తెలిసింది. ఎవరైనా సమస్య చెప్పగానే మన నోటి నుంచి వచ్చే మొదటి మాట "అప్లికేషన్ పెట్టుకున్నారా?" ఆ మాటతో తలుపు మూసుకుంటుంది. రెండోది, కుర్చీ. ఊళ్లో కుర్చీ తెచ్చి వేస్తారు, మనం కూర్చుంటాం, వాళ్లు నిలబడతారు. అంతే, ఆఫీసు మళ్లీ మొదలైంది. అరుగు మీద వాళ్ల పక్కన కూర్చోవాలి. మూడోది పిలుపు. హెడ్‌మిస్ట్రెస్ దగ్గర చదివిన పిల్లలు ఇప్పుడు నలభై ఏళ్ల తండ్రులు. నలుగురి ముందు, పెళ్లాం ముందు "ఏరా" అంటే అతనికి చిన్నతనం. ఇంట్లో ఎలా పిలిచినా వాడలో మాత్రం పేరుతో, గౌరవంగా పిలవాలని నియమం పెట్టుకున్నాం. ఆమెను మాత్రం ఊరంతా "టీచరమ్మా" అనే పిలిచింది. ఆ పిలుపుని మార్చే ప్రయత్నం చేయలేదు.

ఇంకొకటి, పాత నిర్ణయాల బాకీ. పంచాయతీ శాఖలో పనిచేసిన మనిషి ఎప్పుడో ఒకరి అరుగు మోరీ మీదికి వచ్చిందని నోటీసు ఇచ్చి ఉంటాడు, ఇంకొకరి పింఛన్ దరఖాస్తు వయసు చాలక వెనక్కి పంపి ఉంటాడు. మనకి అవి ఫైళ్లు. వాళ్లకి అవి ఇరవై ఏళ్ల మంట. అలాంటి ఇళ్లు 31 తేలాయి. వాటికి ముందుగా, ఒంటరిగా, చేతిలో కాగితం లేకుండా వెళ్లాలి. "అప్పటి రూల్ అది" అనడం వివరణ కాదు. ఏం జరిగిందో వాళ్ల నోటితో పూర్తిగా విని, ఇప్పుడు చేయగలిగింది ఉంటే అదే చెప్పాం. 31లో 12 ఇళ్లు చివరిదాకా మా వైపు రాలేదు. అది వాళ్ల హక్కు.

జూలై

పంచాయతీ లెక్కలు చదవడం. రిటైర్డ్ ఉద్యోగికి నిజంగా పైచేయి ఉన్నది ఇక్కడే, కానీ చాలామంది ఈ పనే వదిలేసి ఫ్లెక్సీల వెంట పడతారు.

ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో పంచాయతీ పేరు కొడితే ఏడాదివారీగా రాబడి, ఖర్చు, పనుల ప్రణాళిక కనిపిస్తాయి. దొరకనివి సమాచార హక్కు దరఖాస్తుతో అడిగాం. గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో రూ.5, ఆపైన రూ.10. గడువు 30 రోజులు. అడిగినవి నాలుగే: మూడేళ్ల ఇంటి పన్ను డిమాండు, వసూలు; కరెంటు బిల్లు బకాయి; ట్రాక్టర్ వాయిదాల స్థితి; చెల్లించని పనుల బిల్లులు.

కేంద్రం నుంచి వచ్చే 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టుబడి ఉండేది, 40 శాతమే పంచాయతీ ఇష్టం. ఎన్నికైన పాలకవర్గం లేక ఆ నిధులు ఆగిపోయాయి. పైగా ఆ సంఘం కాలం 2026 మార్చితోనే ముగిసేది. మల్టీపర్పస్ వర్కర్ల (పంచాయతీ పారిశుద్ధ్య సిబ్బంది) వేతనం మనిషికి నెలకు రూ.9,500, ట్రాక్టర్ డీజిల్, వీధిలైట్ల బిల్లు పోతే చిన్న పంచాయతీ చేతిలో మిగిలేది చాలా తక్కువ. ఈ లెక్క చూశాక హామీల జాబితా 14 నుంచి 5కి దిగింది.

2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్ మీద పెట్టిన బాధ్యతలు కూడా ముందే చదవాలి. రెండు నెలలకోసారి గ్రామసభ, నాటిన మొక్కల్లో 85 శాతం బతకడం, తప్పితే సస్పెండ్ చేసే అధికారం కలెక్టర్‌కి. గౌరవ వేతనం నెలకు రూ.6,500. ఇది తెలియకుండా పోటీ చేసేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

మిగిలిన ఐదు హామీలు వార్డు నంబరుతో సహా రాశాం. "4వ వార్డులో మోరీ నీళ్లు రోడ్డెక్కే చోట 60 మీటర్లు పూడిక తీత, మొదటి నెలలో" అని. "ఊరిని అభివృద్ధి చేస్తాం" అన్న వాక్యం కరపత్రంలో ఎక్కడా రానివ్వలేదు.

సెప్టెంబర్ 29 నుంచి అక్టోబర్ 9

ఎన్నికల సంఘం షెడ్యూల్ ఇచ్చింది. అంతకు ముందు వచ్చిన రిజర్వేషన్ జాబితాలో మా పంచాయతీ జనరల్ మహిళ. అప్పటిదాకా అభ్యర్థిగా అనుకున్నది ఈవోపీఆర్డీని. ఇలాంటి చోట చాలా ఊళ్లలో భార్య పేరుతో నామినేషన్ వేసి భర్త తిరుగుతాడు. అది చేయకూడదని ఫిబ్రవరిలోనే రాసుకున్నాం. హెడ్‌మిస్ట్రెస్ అభ్యర్థి అయ్యారు, ఈవోపీఆర్డీ ఎన్నికల ఏజెంటు అయ్యారు. నోట్‌బుక్కులు సిద్ధంగా ఉండబట్టి మార్పుకి ఒక్క రోజు పట్టింది.

అక్టోబర్ 9న బీసీ రిజర్వేషన్ పెంపు జీవో మీద హైకోర్టు స్టే. ప్రక్రియ ఆగిపోయింది. అప్పటికి ప్రింటింగ్‌కి అడ్వాన్స్ ఇవ్వలేదు, ఆటో మాట్లాడలేదు. నామినేషన్ ఆమోదం కాకముందు ఒక్క రూపాయి కూడా ప్రచార సామాగ్రి మీద పెట్టకూడదన్న నియమం ఇక్కడ పనికొచ్చింది.

నవంబర్ 25

కొత్త షెడ్యూల్. మూడు విడతలు: డిసెంబర్ 11, 14, 17. మాది మొదటి విడత. మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకుండా మళ్లీ ఖరారు చేసేసరికి మా పంచాయతీ జనరల్‌కి మారింది. అభ్యర్థిని మళ్లీ మార్చాలా అని చర్చ వచ్చింది. మార్చలేదు. రెండు నెలలుగా గడప గడపకీ తిరిగింది ఆమె. జనరల్ సీటు అంటే మగవాళ్ల సీటు అని ఎక్కడా లేదు.

ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులన్న నిబంధన ఈ ఎన్నికలకు ముందే ఆర్డినెన్స్‌తో పోయింది. దాంతో 2019లో పోటీ చేయలేనివాళ్లు కూడా ఈసారి బరిలోకి వచ్చారు.

మాకు తప్పు జరిగింది వార్డుల్లో. పది వార్డులకి పది మంది సభ్యుల అభ్యర్థుల్ని వెతకడం ఈ రోజే మొదలైంది. వార్డు రిజర్వేషన్లు తేలాకే చూద్దామని ఆగడం వల్ల మంచివాళ్లు అప్పటికే వేరే ప్యానెల్‌కి మాట ఇచ్చేశారు. దీని ఫలితం డిసెంబర్ 11 రాత్రి కనబడింది.

నవంబర్ 27, 28

నామినేషన్. మూడు రోజుల గడువు, ఉదయం 10.30 నుంచి సాయంత్రం 5 వరకు, క్లస్టర్ కేంద్రంలో (కొన్ని పంచాయతీలకి కలిపి నామినేషన్లు తీసుకునే చోట). మూడో రోజు క్యూ విపరీతంగా ఉంటుంది. రెండో రోజు ఉదయం వేశాం. తప్పు తేలితే దిద్దుకోవడానికి ఒక రోజు చేతిలో ఉంటుంది.

ఫైలులో పెట్టినవి: నామినేషన్ పత్రం, ఓటరు జాబితాలో అభ్యర్థి పేరున్న పేజీ, ప్రతిపాదకుడి పేరున్న పేజీ, స్వీయ ప్రకటన (కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు) ఇద్దరు సాక్షుల సంతకాలతో, డిపాజిట్ రసీదు, ఫొటోలు, ఎన్నికల ఖర్చుకని తెరిచిన కొత్త బ్యాంకు ఖాతా పాస్‌బుక్ కాపీ, పన్ను రసీదులు. డిపాజిట్ సర్పంచ్‌కి రూ.2,000, ఎస్సీ, ఎస్టీ, బీసీ అభ్యర్థులకి రూ.1,000. వార్డు సభ్యుడికి రూ.500, రూ.250. రిజర్వుడు సీటైనా, డిపాజిట్ తగ్గింపు కావాలన్నా కుల ధ్రువీకరణ ఉండాలి.

ఎక్కడ పోతాయి అంటే:

ప్రతిపాదకుడి దగ్గర. సర్పంచ్‌కి పంచాయతీలో ఏ ఓటరైనా చాలు, వార్డు సభ్యుడికి మాత్రం ఆ వార్డు ఓటరే ఉండాలి. పక్కింటాయనే కదా అనుకుంటాం, జాబితాలో ఆయన వేరే వార్డులో ఉంటాడు. మా 6వ వార్డు అభ్యర్థికి ఇదే ఎదురైంది, ఒక రోజు ముందుగా వెళ్లబట్టి వేరే ప్రతిపాదకుడితో రెండో సెట్ వేయగలిగాం.

ఖాళీ గడుల దగ్గర. స్వీయ ప్రకటనలో ఏ గడీ ఖాళీగా వదలకూడదు, గీత గీయకూడదు. "లేదు" అని రాయాలి. ఉద్యోగులకి ఇక్కడ ఒక చిక్కు ఉంది. సర్వీసులో ఏటా ఇచ్చిన ఆస్తుల వివరాలు ఆఫీసులో ఉంటాయి. అందులో ఉన్న ప్లాటు ఇక్కడ లేకపోతే, అమ్మిన కాగితం చూపించాల్సి వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని నింపాలి. పెన్షన్ కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగం ముందే ఒకేసారి తీసుకున్నది), గ్రాట్యుటీ డబ్బు ఏ డిపాజిట్‌లో ఉందో అదీ రాయాలి.

పేరు దగ్గర. సర్వీసు రికార్డులో ఒకలా, ఓటరు జాబితాలో ఒకలా ఉంటే ఓటరు జాబితాదే ప్రమాణం.

రిటర్నింగ్ అధికారి గదిలో నడవడిక గురించి కూడా రాయాలి. అక్కడ కూర్చున్నవాళ్లు నిన్నటిదాకా మన కింద పనిచేసినవాళ్లో, మన దగ్గర చదివినవాళ్లో అయి ఉంటారు. వాళ్లు లేచి నిలబడి కుర్చీ వేస్తారు. కూర్చోకూడదు. క్యూలో టోకెన్ ప్రకారం వెళ్లి, పని కాగానే బయటికి రావాలి. ఆ కుర్చీ ఫొటో ఒకటి బయటికొస్తే ఆ అధికారి ఉద్యోగానికే ముప్పు. అతనికి మనం చేయగల మేలు దూరంగా ఉండటమే.

నవంబర్ 30 నుంచి డిసెంబర్ 3

పరిశీలన 30న. సర్పంచ్‌కి వేసినవాళ్లు ఆరుగురు, అందరివీ నిలిచాయి. 1న అప్పీళ్లు, 2న వాటి పరిష్కారం, 3న మధ్యాహ్నం 3 గంటల దాకా ఉపసంహరణ.

ఈ మూడు రోజులూ ఏకగ్రీవం మాటలు నడుస్తాయి. "మీకు పెన్షన్ వస్తుంది కదా, మీకెందుకు ఈ బాధ" అని పెద్దమనుషులు ఇంటికొస్తారు. గుడికి ఇన్ని లక్షలు ఇచ్చినవాళ్లకే పదవి అన్న వేలం పాట కూడా వినబడుతుంది. అది నేరం, ఊరి ఓటుని ఊరి నుంచే లాక్కోవడం. ఆ కూర్చోబెట్టే సభకి జట్టులో ఎవరూ వెళ్లకూడదని నిర్ణయించాం. గడువు ముగిసేదాకా అభ్యర్థి ఫోన్ ఏజెంటు దగ్గరే ఉంది.

గుర్తు. తెలియనివాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. పంచాయతీ ఎన్నికలు పార్టీ రహితం. బ్యాలెట్ మీద అభ్యర్థి పేరు ఉండదు, గుర్తు మాత్రమే ఉంటుంది. కోరుకున్న గుర్తు రాదు. ఉపసంహరణల తర్వాత మిగిలినవాళ్ల పేర్లను తెలుగు అక్షరక్రమంలో పేర్చి, సంఘం ఇచ్చిన జాబితాలో మొదటి గుర్తు మొదటివారికి, రెండోది రెండోవారికి ఇస్తూ పోతారు. మా అభ్యర్థి ఉదయానికి మూడో స్థానంలో ఉన్నారు. మధ్యాహ్నం పైన ఉన్న ఒకరు విరమించుకున్నారు, రెండో స్థానానికి వచ్చారు. కత్తెర వచ్చింది. ఇంకొకరు కూడా తప్పుకోవడంతో బరిలో నలుగురు. అంటే 3 గంటలకి ముందు ఏం ప్రింట్ చేసినా చెత్తకుప్పలోకే.

అందుకని కరపత్రం డిజైన్ గుర్తు చోటు ఖాళీగా వదిలి ముందే కంపోజ్ చేయించి ఉంచాం. జాబితాలో మొదటి ఆరు గుర్తుల బొమ్మలు ప్రెస్ కంప్యూటర్‌లో ఉన్నాయి. సాయంత్రం 5కి బొమ్మ పెట్టారు, రాత్రి 11కి 2,000 కాపీలు చేతికొచ్చాయి. కింద ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, కాపీల సంఖ్య వేయించాలి. ఇది మరిచిపోతే ఫ్లయింగ్ స్క్వాడ్ కట్టలన్నీ పట్టుకుపోతుంది.

డిసెంబర్ 4 నుంచి 9

ఆరు రోజులు. ప్రచారం పోలింగ్ ముగిసే సమయానికి 44 గంటల ముందు ఆగాలి, అంటే 9వ తేదీ సాయంత్రం 5. రోజుకి 85 ఇళ్లు, ఐదు జట్లు, జట్టుకి 17 ఇళ్లు. అభ్యర్థి రోజుకి రెండు వార్డుల చొప్పున ఐదు రోజుల్లో పదీ తిరిగారు, ఆరో రోజు దొరకని ఇళ్లకి.

ఓట్ల లెక్క ఇలా వేశాం. 1,840లో 85 శాతం పోలైతే 1,564. చెల్లనివి, నోటా తీసేస్తే సుమారు 1,530. నలుగురు పోటీలో ఉంటే 40 శాతం దాటినవారు గెలిచే అవకాశం ఎక్కువ: 612. లక్ష్యం 640 పెట్టుకున్నాం. నోట్‌బుక్‌లో మూడు గుర్తులు: ఖాయం, ఊగిసలాట, రాదు. ఖాయం అనుకున్నదాంట్లో పావు వంతు కొట్టేయాలి, ఇది రాతిమీద గీత. ఎందుకంటే మన ముఖం చూసి ఎవరూ కాదనరు, పైగా టీచరమ్మ ముఖం చూసి. అలా చూస్తే ఖాయం 850 ఉండాలి. 9వ తేదీకి మా దగ్గర 812.

గుమ్మం దగ్గర చెప్పేది ఒకటిన్నర నిమిషం మించకూడదు. గుర్తు చూపించాలి, ఆ ఇంటి ముందు సమస్య పేరు పెట్టి చెప్పాలి, ఓటు అడగాలి. ఉద్యోగులు నాలుగో వాక్యానికి పథకం వివరాల్లోకి వెళ్లిపోతారు. జట్టులో ఒకరి పని గడియారం చూడటమే.

నమూనా బ్యాలెట్ 600 కాపీలు. అసలు సర్పంచ్ బ్యాలెట్ గులాబీ రంగు, వార్డు సభ్యుడిది తెలుపు. నమూనా ఆ రెండు రంగుల్లోనూ ఉండకూడదు, లేత పసుపు మీద వేయించాం, కొలత కూడా చిన్నది. ముసలివాళ్లకి ముద్ర ఎక్కడ వేయాలో, నిలువుగా ఎలా మడవాలో చేతితో చేయించి చూపించాం. ఈ పనికి ఇంకో 200 ఇళ్లు చేరాల్సింది, చేరలేదు.

బయటి ఊళ్ల ఓట్లు 260 దాకా. మార్చి నుంచి రాసుకున్న ఫోన్ నంబర్లు ఇక్కడ పనికొచ్చాయి. రమ్మని చెప్పవచ్చు, మనం వాహనం పెట్టి తీసుకురావడం అవినీతి చర్య కిందికి వస్తుంది. బస్సు టైములు మాత్రం పంపాం.

డబ్బు సంగతి. ఆఖరి రెండు రాత్రులు కవర్లు తిరిగాయి. మా నుంచి వెళ్లలేదు. "వాళ్లు ఇచ్చింది మీ ఇష్టం, మేం ఇవ్వం, ఓటు మాత్రం మీ మనసుకి వేయండి" అని ఒకటే మాట చెప్పాం. దీనివల్ల పోయే ఓట్లు పోతాయి. ఊరి సొమ్ముకి కాపలా ఉండటానికి వెళ్తూ, మొదటి రోజే పంచిన సొమ్ముని వడ్డీతో రాబట్టుకోవాల్సిన స్థితిలో పడకూడదు.

డిసెంబర్ 11

పోలింగ్ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 వరకు. వార్డుకో పోలింగ్ కేంద్రం, పదికి పది మంది ఏజెంట్లు. ఏజెంట్ చేతిలో వార్డు జాబితా, పెన్ను, నీళ్ల సీసా, అంతే. ప్రతి గంటకీ ఓటేసినవాళ్ల సంఖ్య బయటికి రావాలి. 11 గంటలకి మా ఖాయం జాబితాలో రానివాళ్లు 190. అప్పుడు ఇళ్లకి మనుషుల్ని పంపాం. 12 దాటాక పంపితే స్నానం, అన్నం అయ్యేసరికి గేటు మూస్తారు.

లెక్కింపు 2 గంటలకి మొదలైంది. పోలైనవి 1,571, అంటే 85.4 శాతం. రాష్ట్రంలో కూడా మూడు విడతల్లోనూ పోలింగ్ 84 శాతం దాటింది. చెల్లనివి 34. వాటిలో ఎక్కువ రెండు గుర్తుల మధ్య గీత మీద పడ్డ ముద్రలు. మడతలో సిరా రెండోవైపు అంటుకున్నంత మాత్రాన ఓటు చెల్లకుండా పోదు, అసలు ముద్ర ఏదో స్పష్టంగా తెలిస్తే చాలు. ఏజెంటు ఇది తెలిసి మాట్లాడబట్టి పక్కన పెట్టిన ఏడు ఓట్లు మళ్లీ లెక్కలోకి వచ్చాయి, అందులో మావి నాలుగు, మిగతావాళ్లవి మూడు.

మా అభ్యర్థికి 641. రెండో స్థానం 583, మూడు 214, నాలుగు 90, నోటా 9. ఖాయం అనుకున్న 812లో పావు కొట్టేస్తే 609. దాని మీద 32 ఎక్కువ వచ్చాయి.

సర్పంచ్ గెలిచాం. వార్డుల్లో పదికి నాలుగే. అదే రాత్రి ఉపసర్పంచ్ ఎన్నిక, చేతులెత్తే పద్ధతి. సర్పంచ్ ఓటుతో కలిపి మా వైపు ఐదు, అటు ఆరు. ఉపసర్పంచ్ అటువైపు వెళ్లింది. 2018 చట్టం సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరికీ కలిపి చెక్ పవర్ ఇచ్చింది, అంటే మోరీ పూడిక బిల్లుకి కూడా రెండు సంతకాలు కావాలి. నవంబర్ 25న కాకుండా జూలైలోనే వార్డు మనుషులతో కూర్చుని ఉంటే ఈ వరుస తప్పేది. మళ్లీ ఈ ప్రాజెక్టు చేసేవాళ్లు సమయంలో సగం వార్డు అభ్యర్థులకే కేటాయించాలి.

డిసెంబర్ 22

ప్రమాణ స్వీకారం. రికార్డుల అప్పగింతలో క్యాష్ బుక్, ఎం-బుక్కులు (చేసిన పనుల కొలతలు రాసే పుస్తకాలు), స్టాక్ రిజిస్టర్, ట్రాక్టర్ లాగ్‌బుక్ పేజీల సంఖ్యతో సహా రాసుకుని సంతకాలు తీసుకున్నాం. ఉపసర్పంచ్‌ని ముందే ఇంటికి వెళ్లి కలిసి, జూలైలో తీసిన లెక్కల కాపీ ఆయనకీ ఒక సెట్ ఇచ్చాం. లెక్క ఇద్దరి దగ్గరా ఒకటే ఉంటే సంతకం దగ్గర గొడవ తగ్గుతుంది.

2026 జనవరి 23

ఖర్చుల నివేదిక. ఫలితం వచ్చిన 45 రోజుల్లో ఎంపీడీవో ఆఫీసులో ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు అనర్హత, గెలిచినవాళ్లకి పదవే పోతుంది. ఓడినవాళ్లు కూడా ఇవ్వాలి, చాలామంది మరిచిపోయి తర్వాతి ఎన్నికకి అడ్డం తెచ్చుకుంటారు. మా గడువు జనవరి 25, ఆదివారం. మర్నాడు రిపబ్లిక్ డే. అందుకే శుక్రవారమే ఇచ్చేశాం.

లెక్క: కరపత్రాలు 2,800; ఫ్లెక్సీలు 8కి 2,880; మైకు ఆటో ఆరు రోజులకి 13,200; రికార్డింగ్ 1,500; నమూనా బ్యాలెట్లు 1,200; ఏజెంట్లు, కార్యకర్తల టీ, భోజనం 9,400; షామియానా, కుర్చీలు 4,500; జిరాక్స్ 1,760; పెట్రోలు 6,300. మొత్తం రూ.43,540. అభిమానంతో ఒక పూర్వ విద్యార్థి సొంతంగా వేయించిన ఫ్లెక్సీ కూడా ఈ ఎనిమిదిలో ఉంది. మనం చేయించకపోయినా మన ఖాతాలోకే వస్తుంది. రసీదులు 41. పెట్రోలు రసీదుల్లో మూడింటి మీద సిరా వెలిసి అంకె కనబడలేదు, బంకులో మళ్లీ రాయించుకోవాల్సి వచ్చింది. థర్మల్ కాగితం మీద ఇచ్చే ఏ బిల్లైనా అదే రోజు జిరాక్స్ తీసి జతచేయాలి.

ముట్టినట్టు సంతకం, తేదీ, స్టాంపు తీసుకుని ఫైలులో మొదటి పేజీగా పెట్టాం. 4వ వార్డు మోరీ దగ్గర కొలత టేపుతో రేపు ఉదయం 7 గంటలకి కలవాలి.